అత్తమ్మ నన్ను అడిగింది

ఏడేళ్లుగా ఒక మాట నా గుండెల మీద బండలా కూర్చుని ఉంది. పెద్ద మాటేం కాదు. "యాదికి లేదు" అన్న మాట. మనుషులు రోజూ అనేదే. నేను దాన్ని ఒక్కసారే అన్నాను, దవాఖానా మంచం మీద, కళ్లు మూసుకుని. దానితో ఒక పెద్ద మనిషి బతుకు ఏమైపోయిందో చూస్తూ, ఆమె చేతి అన్నం తింటూ, ఇన్నేళ్లూ అదే ఇంట్లో తిరిగాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

మాది సోలాపూర్. బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో ముందొక గది, లోపలొక గది ఉన్న ఇల్లు. మా అత్తమ్మ బీడీలు చుట్టి సంపాదించుకున్న ఇల్లు అది. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో టవల్స్ నేస్తాడు. నేను పన్నెండో తరగతి దాకా చదివాను. చదువు సంగతి ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదాంట్లో దానికీ కొంత భాగముంది. ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసని అనుకునేదాన్ని. ఎవరూ అలా అనలేదు. నాకు నేనే అనుకున్నాను.

మొదటి కాన్పు పెద్ద దవాఖానాలో అయింది. కొడుకు పుట్టాడు. నొప్పులకు తట్టుకోలేక అరిచినందుకు అక్కడ ఒకామె నా తొడ మీద కొట్టింది. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు" అని మరాఠీలో అంది. పక్కనున్న వాళ్లు నవ్వారు. దెబ్బ మరుసటి రోజుకే తగ్గింది. ఆ నవ్వు తగ్గలేదు. ఒంటి మీద గుడ్డ సరిగా లేకుండా, కాళ్లు కట్టేసినట్టు పడి ఉండి, నన్ను చూసి నవ్వుతున్న వాళ్లనే "అమ్మా, అమ్మా" అని పిలుస్తూ బతిమాలాను. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. మళ్లీ నెల తప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది పుట్టబోయే బిడ్డ కాదు. ఆ నవ్వు.

ఇది సాకుగా చెబుతున్నానా? చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. భయం నిజమే. కానీ నాది ఒట్టి భయమే అయి ఉంటే మా ఆయనకో అత్తమ్మకో చెప్పుకుని ఏడ్చేదాన్ని. వాళ్లు ఇంకో దవాఖానా చూసేవాళ్లు, లేదా అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చునేది. నేను చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే నాకు ఇంకోటి దొరికింది. దాని మీద ఆశ పుట్టింది.

ఫోన్‌లో చూశాను. ఎవరో దొరసాని, తన ఇంట్లో, గాలి నింపిన పెద్ద తొట్టిలో గోరువెచ్చటి నీళ్లలో కూర్చుని ఉంది. డాక్టర్ లేదు, నర్సు లేదు. కాసేపు మూలిగింది, కళ్లు మూసుకుంది, తర్వాత తన చేతులతో తానే నీళ్లలోంచి బిడ్డను పైకి తీసి ఛాతీకి ఆనించుకుంది. నవ్వింది. ఆ నవ్వు నేను విన్న నవ్వులాంటిది కాదు. ఒకటి చూస్తే ఇంకోటి వచ్చేది. హిందీలో చెప్పే ఒకామె ఉండేది. ఆడదాని ఒంటికి అన్నీ తెలుసు, దాన్ని దాని మానాన వదిలేస్తే చాలు అనేది. ఆమె నడిపే గ్రూపులో నేనూ చేరాను. అక్కడందరూ నన్ను "బహెన్" అనేవాళ్లు, ధైర్యవంతురాలివి అనేవాళ్లు. బీడీ ఆకు వాసనా మగ్గాల చప్పుడూ తప్ప ఇంకేమీ లేని నా రోజుల్లో నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆ పొగడ్త కోసం ఎంత దూరమైనా పోతానని అప్పుడు నాకు తెలియదు.

చివరి నెలల్లో చూపించుకోవడానికి పోతున్నానని ఇంట్లో చెప్పి, దారిలో ఉన్న తోటలో కూర్చుని తిరిగి వచ్చేదాన్ని. గర్భిణుల్ని చూసిపోవడానికి వీధిలోకి వచ్చే ఆశా తాయి అడిగితే అన్నీ బాగున్నాయన్నాను. స్కాన్ తీయించుకున్నానని కూడా అన్నాను. తీయించుకోలేదు.

మా ఇంట్లో ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఉండేది. నూలుకు రంగేసే చోట పాతబడితే మా ఆయన తెచ్చాడు, నీళ్లు పట్టి పెట్టుకోవడానికి. మాకు నల్లా రోజూ రాదు, వచ్చినరోజే అన్నిట్లో నింపుకోవాలి. ఆ టబ్బు అడుగున ఎర్ర రంగు ఎంత తోమినా పోయేది కాదు. అత్తమ్మ లేనప్పుడు దాన్ని సబ్బుతో, ఉప్పుతో రుద్ది రుద్ది కడిగాను. ఎందుకింత కడుగుతున్నావని మా ఆయన అడిగితే, పాకుడు పట్టిందన్నాను. అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి ఎంత సులువుగా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజు తెల్లవారక ముందే నొప్పులు మొదలయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. బాబును బడికి పంపాను, నిలబడి గోడ పట్టుకుని. అత్తమ్మ చుట్టిన బీడీలు గంపలో సర్దుకుని కార్ఖానాకు బయలుదేరుతోంది. వాటిని అప్పజెప్పి, ఆకూ తంబాకూ తెచ్చుకోవడానికి రోజూ వెళ్లేది. గుమ్మం దాకా వెళ్లినది ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"మొకం ఎందుకు గట్లుంది? నొస్తుందా?"

"ఏం లేదు అత్తమ్మ. నడుం జర గుంజుతుంది, గంతే."

ఆమె గంప కింద పెట్టింది. "నేనియ్యాల పోను తియ్యి. బీడీలు పక్కింటి ఎల్లక్కతోని పంపిస్త."

"ఎందుకు? ఇంకా దినాలున్నయ్ గదా. నువ్వు పో."

దగ్గరికొచ్చి నా పొట్ట మీద చెయ్యి పెట్టింది. సరిగ్గా అప్పుడే ఒక నొప్పి వదిలింది. పొట్ట మెత్తగా ఉంది.

"సచ్చీ చెప్పు బిడ్డా. నొస్తలేదా?"

"సచ్చీ చెప్తున్న. పో అత్తమ్మ. నేను కొద్దిసేపు పండుకుంట."

ఆమె నా మొహంలోకి ఇంకొంచెంసేపు చూసి, గంప ఎత్తుకుంది. వీధి మలుపు దాటేదాకా కిటికీలోంచి చూశాను. ఆమె వెళ్లిపోతుంటే నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. ఇదిగో, ఈ మాట చెప్పడానికే ఇంతసేపు పట్టింది. సంతోషం వేసింది.

తలుపు గడియ పెట్టాను. లోపలి గదిలో టబ్బు పెట్టి, స్టవ్ మీద నీళ్లు కాచి కాచి పోశాను. మధ్యలో వంగలేక నేల మీద కూర్చున్నాను. ఇంట్లో పట్టి ఉంచిన నీళ్లన్నీ అందులోకే పోయాయి. నీళ్లలోకి దిగాక, నిజం చెప్పాలి, హాయిగానే ఉంది. నడుం నొప్పి తేలికైంది. అంతా ఫోన్‌లో చూసినట్టే జరుగుతోందని అనుకున్నాను.

ఇప్పుడు చెప్పేది మా ఇంట్లో వాళ్లకు ఈరోజు వరకూ తెలియదు. మిగతాదంతా చెప్పాను. ఇది చెప్పలేకపోయాను.

ఎదురుగా గూట్లో, డబ్బాకు ఆనించి, నా ఫోన్ పెట్టాను. వీడియో తీయడానికి. గ్రూపులో పెట్టడానికి. తల కూడా దువ్వుకున్నాను.

చివరి నొప్పులు ఎలా వచ్చాయో ఎంతసేపు ఉన్నాయో నాకు సరిగా తెలియదు. గుడ్డ నోట్లో కుక్కుకున్నాను, పక్కింటి ఎల్లక్కకు వినపడకూడదని. బిడ్డ నీళ్లలోకి జారింది. నా చేతులతో నేనే తీశాను. ఆడపిల్ల. మెడ చుట్టూ బొడ్డు పేగు ఉంది. తొందరేం లేదు, నీళ్లలో ఉన్నంతసేపు బిడ్డకు ఏమీ కాదు అని ఆ హిందీ ఆమె చెప్పిన మాటే చెవిలో ఉంది. నేను బిడ్డ మొహం చూడలేదు. మొదట ఫోన్ వైపు చూశాను. బిడ్డను అటు తిప్పాను. నవ్వాను.

ఎంతసేపు? తెలియదు. ఎక్కువసేపేం కాకపోవచ్చు. ఆ కాసేపట్లో ఆ పసిదానికి ఏం పోయిందో, ఏం మిగిలిందో, దేవుడికే తెలియాలి. తర్వాత మొహం చూశాను. నీలంగా ఉంది. ఏడవడం లేదు. మెడ చుట్టూ ఉన్నది తీయబోతే వేళ్లు జారిపోయాయి. వీపు మీద తట్టాను, ఊపాను, నోట్లో ఊదాను. అప్పుడు అరిచాను. ఎల్లక్క పరుగెత్తుకొచ్చింది, కానీ తలుపు లోపల గడియ. ఎవరూ రాకూడదని నేనే వేసిన గడియ. పేగుతో బిడ్డ నా ఒంటికే అతుక్కుని ఉండగా టబ్బులోంచి లేచి తలుపు దాకా రాలేకపోయాను. వీధిలో వాళ్లు తలుపు తన్ని తీశారు. ఎల్లక్క బిడ్డను తలకిందులుగా పట్టుకుని నోట్లో వేలు పెట్టి తుడిచి తట్టింది. సన్నగా ఒక చప్పుడు వచ్చింది. పిల్లి కూనలా.

"ఏం జరిగిందే?" అని ఆమె అడిగింది.

"నీళ్లు పోసుకుందామని కూసున్న. అప్పుడే వచ్చేసింది," అన్నాను.

ఆటో ఎక్కించేలోగా ఒక పని చేశాను. ఫోన్ తెమ్మని అడిగి ఆ వీడియో చెరిపేశాను. బిడ్డ బతుకుతుందో లేదో తెలియని ఆ సమయంలో నా చేతికి తోచింది అది.

దవాఖానాలో బిడ్డను గాజు పెట్టెలో పెట్టారు. మా ఆయన కార్ఖానా నుంచి అలాగే వచ్చాడు, జుట్టు నిండా దూది పొట్టుతో. అప్పటికే అత్తమ్మ నా మంచం పక్కన నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆయన ఆమెనే అడిగాడు.

"గిట్ల దీన్ని ఒక్కదాన్ని ఇడిసిపెట్టి నువ్వెట్ల పోయినవ్?"

"నేను అడిగిన కొడుకా. నొస్తుందా అని అడిగిన. ఏం లేదన్నది."

ఆయన నా వైపు తిరిగాడు. "అడిగిందా?"

అత్తమ్మ నన్ను చూసింది. ఆమెకు నా మీద ఏ అనుమానమూ లేదు. నేను అవునంటానని ఆమె ఎదురుచూసింది, అంతే. అవునంటే తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. మరి నువ్వెందుకు లేదన్నావు అని. ఆ ప్రశ్న నా దాకా రాకూడదు.

"యాదికి లేదు," అన్నాను. కళ్లు మూసుకున్నాను.

ఆ రోజు నుంచి మా ఆయన తల్లిని అమ్మా అని పిలవలేదు. ఉండేది రెండు గదుల ఇల్లు. ఆమె వడ్డించిన కంచం ముందు కూర్చుని, "నాయనమ్మకు కూర చాలని చెప్పు" అని కొడుకుతో చెప్పేవాడు. ఆమె పక్కనే ఉండేది. మొదట్లో ఆమె రెండు మూడుసార్లు అంది, నేను అడిగిన గదా అని. తర్వాత అనడం మానేసింది.

పిల్లకు గౌరి అని పేరు పెట్టాం. పుట్టినప్పుడు మెదడుకు గాలి అందలేదని డాక్టర్లు చెప్పారు. కుడి కాలు ఈడుస్తుంది. కుడి చెయ్యి ముడుచుకునే ఉంటుంది. మాట ముద్దగా వస్తుంది, మాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. నవ్వితే మాత్రం ఇల్లంతా వినపడుతుంది. దాన్ని పెంచింది అత్తమ్మే. పొద్దున్నే నూనె రాసి కాలూ చెయ్యీ తోమేది. నోట్లో మెత్తగా కలిపి పెట్టేది. బరువు పెరిగాక కూడా చంకనెత్తుకుని బస్సెక్కి కసరత్తు చేయించే చోటికి తీసుకుపోయేది. సిరిసిల్లలో సొంత అన్న పోతే, పిల్లను ఎవరు చూస్తారని వెళ్లలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తానే చెప్పేది, నేను ఇడిసిపెట్టి పోయిన అందుకే గిట్లయింది అని. ఆ మాట అంటున్నప్పుడు నేను వంటింటి మూలలోనో, నల్లా దగ్గరో, అక్కడే ఎక్కడో ఉండేదాన్ని. ఒక్కసారైనా నోరు తెరవలేదు.

చెప్పాలనుకోలేదా? అనుకున్నాను. పిల్ల నడిచాక చెబుదాం అనుకున్నాను. మాట వచ్చాక అనుకున్నాను. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పవలసింది పెరుగుతూ పోయింది.

అన్నిటికంటే ఘోరమైనది ఒక మధ్యాహ్నం జరిగింది. అత్తమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఉన్నట్టుండి అడిగింది.

"బిడ్డా, ఆ దినం నేను నిన్ను ఏమన్న అడిగిన్నా? నాకైతే అడిగినట్లే ఉంటది. మల్ల లేదేమో అనిపిస్తది. నాకే అట్ల కల పడ్డదో ఏమో."

ఆమె తన జ్ఞాపకాన్నే నమ్మలేని స్థితికి వచ్చింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. దగ్గర ఎవరూ లేరు. "ఇప్పుడు అయ్యన్ని ఎందుకు అత్తమ్మ" అన్నాను. ఆమె తలూపి, ఇంకో ఆకు తీసుకుంది.

మొన్నీమధ్య గౌరికి వికలాంగుల సర్టిఫికెట్ కోసం సర్కారు దవాఖానాకు వెళ్లాం, అత్తమ్మా నేనూ. లోపల డాక్టర్ మేడమ్ చిన్న వయసు మనిషి. కాలు చూసింది, చెయ్యి చూసింది. కాన్పు ఎక్కడైందని మరాఠీలో అడిగింది. నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ ముందుకు వంగి చెప్పింది.

"ఘరీచ్ ఝాలం మేడమ్. మాఝీ చూక్. మీ తిలా ఏకటీలా సోడూన్ గేలే. విచారలం పణ్ నాహీ."

ఇంట్లోనే అయింది, తప్పు నాది, దాన్ని ఒంటరిగా వదిలి పోయాను, అడగను కూడా అడగలేదు. అడగను కూడా అడగలేదు అంది. ఆ సందేహం కూడా పోయింది. నేను చెప్పిన అబద్ధమే ఆమెకు నిజమైపోయింది. డాక్టర్ మేడమ్ ఆమెను జాలిగా చూసింది. నేను కూర్చునే ఉన్నాను, పిల్ల చెప్పు సర్దుతూ.

ఇంటికొచ్చాం. ఆమె అన్నం తిని, చాట ముందు కూర్చుంది. గౌరి ఆమె మోకాలికి ఆనుకుని పడుకుంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఏదీ సర్ది చెప్పాలనుకోలేదు. సర్దే ఓపిక కూడా లేదు.

"అత్తమ్మ, ఆ దినం నువ్వు అడిగినవ్."

ఆమె చేతులు ఆగాయి. "ఏంది?"

"నొస్తుందా అని అడిగినవ్. కార్ఖానకు పోనన్నవ్. పొట్ట మీద చెయ్యి పెట్టి, సచ్చీ చెప్పుమని మల్ల అడిగినవ్. నాకు పొద్దుగాలసంది నొస్తుండె. నీళ్లళ్ల కనాలని నేనే అనుకున్న. ఎవ్వరుండొద్దని నిన్ను పంపిచ్చిన."

"అడిగిన్నా నేను?"

"అడిగినవ్."

"మల్ల గూడ అడిగిన్నా?"

"మల్ల గూడ అడిగినవ్ అత్తమ్మ. నాకు అన్నీ యాదికున్నయ్."

నీళ్లేమిటని అడగలేదు. ఎందుకు చేశావనీ అడగలేదు. "అడిగిన," అని తనలో తాను అనుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చాట పక్కన పెట్టి, నిద్రపోతున్న పిల్ల తలను మెల్లగా తన మోకాలి మీంచి దించి, లేచింది. గుమ్మం దగ్గర నా వైపు చూడకుండా అంది.

"వానికి చెప్పు."

సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. అంతా విన్నాడు. "యాదికి లేదంటివి గదా" అన్నాడు. "ఉండె" అన్నాను. కొట్టలేదు, అరవలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. చాలాసేపటికి వచ్చి, తల్లి పక్కన కింద కూర్చున్నాడు.  ఆకు కత్తిరించే కత్తెర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆమే ముందు మాట్లాడింది. "చేతులు కడుక్కో. అన్నం తిందువు," అంది. ఆయన "సరే అమ్మా" అన్నాడు.  నేను లోపలి గదిలో ఉండి విన్నాను.

వారం తిరక్కుండానే అత్తమ్మ ఊళ్లోనే జోడ్‌భావి పేట్‌లో ఉండే కూతురి ఇంటికి వెళ్లిపోయింది. కోపంగా వెళ్లలేదు. "కొన్ని దినాలు నా బిడ్డ తాన ఉంట. అలసిపోయిన," అంది. ఆమె అలసిపోయానని అనడం నేను వినడం అదే మొదటిసారి. గౌరి ఆమె కొంగు పట్టుకుంటే దాని వేళ్లు విడదీసి ముద్దు పెట్టింది. నాకు ఏమీ చెప్పలేదు. మా ఆయన రోజూ షిఫ్టు అయ్యాక అక్కడికి వెళ్లి వస్తాడు. నన్ను రమ్మని ఆమె అనలేదు, ఆయనా అనలేదు. నాతో అవసరమైన మాటలే మాట్లాడతాడు. అది నాకు రావలసినదే. ఇంతకాలం ఆమెకు పోయింది.

ఇప్పుడు పిల్ల పనులన్నీ నావే. నూనె రాస్తే ఎదురుతిరుగుతుంది, నాయనమ్మ చేసినట్టు చేయమంటుంది. ఎలా చేసేదో నేను ఎప్పుడూ చూడలేదు. అదే నా చెయ్యి పట్టుకుని చూపిస్తుంది.

ఆ ఫోన్ సంగతి వాళ్లకు ఎప్పుడు చెబుతానో తెలియదు. మీకు చెప్పాను కాబట్టి, నోటికి అలవాటైంది కాబట్టి, చెబుతాననే అనుకుంటున్నాను.

నిన్న గౌరిని కసరత్తుకు తీసుకెళుతుంటే సిటీ బస్సులో పక్క సీటు ఆమె అడిగింది. ముసలామె, ఎర్రటి చీర, ఒళ్లో కూరగాయల సంచి. మన తెలుగు మనిషే. "పాపం, ఎట్లయిందమ్మా పిల్లకు?" అంది. ఎప్పుడూ ఈ ప్రశ్నకు అత్తమ్మ జవాబు చెప్పేది. నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని.

"నా వల్లనే అయింది," అన్నాను. "నేనే చేసిన."

ఆమె సంచి దగ్గరికి లాక్కుని, ముందు సీటు ఖాళీ కాగానే లేచి అక్కడ కూర్చుంది. బస్సులో ఇంకెవరూ మమ్మల్ని చూడలేదు. గౌరి నా ఒళ్లో వెనక్కి వాలి, తన మంచి చేత్తో నా గాజులు లాగుతోంది.  దిగవలసిన స్టాపు వచ్చింది. దాన్ని చంకనెత్తుకున్నాను. బరువుగా ఉంది. అంత బరువుందని నాకు తెలియదు.